కిటికీ తెరిచిన పురుగుల ఇల్లు

మా అత్త పోయిందన్న మాట నాకు హోసూరులో, నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ గేటు బయట, టీ విరామంలో తెలిసింది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. బయటికొచ్చి సంచిలోంచి తీసి చూస్తే, ఊళ్లో మా ఎదురింటి చిన్నత్త వరసగా చేసిన కాల్స్ కనిపించాయి. ఆమె ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. వెంటనే తిరిగి చేశాను.

"మీ అత్త పోయిందమ్మా," అంది. "పొద్దున్నే పోయి ఆకు కోసుకోని వచ్చింది. గంప దించి తిన్నె మీద కాళ్లు చాపుకోని కూర్చున్నింది. ఈ పొద్దు ఎండ బాగుండాదే అనింది. అదే కడ మాట. నొప్పి అని కూడా అన్లేదు తల్లీ." కాసేపు ఇద్దరం ఏడ్చాం. ఫోన్ పెట్టే ముందు ఆమే మళ్లీ అంది, "మీ పురుగుకు ఆకు మేము వేసేసినాము. దానికోసరం దిగులు పడద్దు. నువ్వు పిల్లోళ్లను పిలుచుకోని రా."

మా వీధిలో చావు జరిగిన ఇంటివాళ్లు కర్మలు ముగిసేదాకా పట్టుపురుగులు పెంచే పురుగుల ఇంట్లోకి అడుగు పెట్టరు. ఇరుగుపొరుగు వాళ్లే మేత వేస్తారు. అత్త శవం వాకిట్లో ఉండగా, ఆమె పురుగులు మాత్రం వేళ తప్పకుండా తిన్నాయన్నమాట. ఆమెకు ఇంతకన్నా మంచి వీడ్కోలు ఎవరూ ఇవ్వలేరు.

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఆ లెక్కన పోయిన నెల నుంచి నేను ఉత్తమురాలిని. నాకు ఈ ఉత్తమత్వం అక్కర్లేదు. పోట్లాడడానికి ఆమె ఉండి ఉంటే చాలు.

మాది కెలమంగలం నుంచి కాస్త లోపలికి ఉండే పల్లె. మల్బరీ తోట, ఇంటిని ఆనుకుని పొడుగాటి రేకుల కొట్టం. దాన్నే పురుగుల ఇల్లు అంటాం. అందులో అరల మీద పట్టుపురుగులు పెరుగుతాయి. గుడ్డు పగిలినప్పటి నుంచి పట్టుగూడు కట్టేదాకా నెల కూడా పట్టదు గానీ, ఆ నాళ్లన్నీ ఇంట్లో మనుషులవి కావు, పురుగులవి. పండగైనా, పెళ్లైనా, కోడలికి ఒళ్లు బాగాలేకపోయినా సరే, ముందు ఆకు పడాలి.

నేను కుప్పం వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో అత్త మెప్పు పొందాలని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని, మొహానికి పౌడరు దట్టించి, పురుగుల ఇంటి గడప దగ్గరికి పోయాను. అత్త నన్ను చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "యాడికి పోతాండావు? ఇది పెళ్లిపందిరి కాదు. ఈ వాసన పురుగుకు పడదు. ఆ పౌడరు కడిగేసి, పూలు ఆడ గూట్లో పెట్టి రా," అంది. కొత్తకోడలి మొహం కడిగించిన అత్త మా చుట్టాల్లో ఇంకెవరూ లేరు. ఆ రోజు అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. మా ఆయన వచ్చి చూస్తే వంటింట్లో సొట్ట పడని గిన్నె లేదు.

తర్వాత తెలిసింది, ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాట్ల ముందు నాకు పెట్టినవి లెక్కలోకే రావని. ఒకప్పుడు వక్కాకులో పొగాకు వేసుకునేదట. పొగాకు నమిలే మనిషి చెయ్యి తగిలితే పురుగు చస్తుందని కళ్లారా చూసిన రోజు మానేసింది. ఇంకోసారి పక్క టమోటా తోటలో కొట్టిన మందు గాలికి మా మల్బరీ మీద పడింది. ఆ ఆకు తిన్న పురుగులు పచ్చగా కక్కుకుంటూ, తలలు అటూ ఇటూ ఊపుతూ, ఆమె చేతుల్లోనే చచ్చాయి. ఎవరితోనూ పోట్లాడకుండా అన్నీ ఎత్తి గుంతలో పూడ్చింది. అప్పటినుంచి మందు ముట్టిన మనిషి పురుగుల ఇంట్లోకి రాకూడదని పట్టుబట్టింది. పట్టు విషయంలో మా వీధికి ఆమె మాటే చట్టం. "పురుగు ముందర అబద్దం నిలవదు," అనేది. మనం చేసిన ఏమరుపాటు ఎవరికీ కనపడకపోయినా చివరికి గూట్లో కనపడుతుందని ఆమె నమ్మకం.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడాది మా ఫ్యాక్టరీ మూశారు. పిల్లలతో ఊరికి, మా ఆయన దగ్గరికి వచ్చేశాను. రాకముందు హోసూరులో టీకా కోసం తెల్లవారకముందే పోయి వరసలో నిలబడ్డాను. టోకెన్లు అయిపోయాయంటే ఉసూరుమంటూ తిరిగొచ్చాను. ఊళ్లో చూస్తే అంతా తలకిందులు. పట్నంలో ఊసి దొరకలేదని గలాటా, మా ఊళ్లో ఊసి మాకొద్దని గలాటా. సూదిమందును మా వైపు ఊసి అనే అంటారు. నర్సమ్మ ఐసు పెట్టె పట్టుకుని వచ్చి, స్కూల్లో పొద్దంతా కూర్చుని, ఎలా తెచ్చిన పెట్టె అలాగే పట్టుకుపోయేది. ఆటోకి మైకు కట్టి తమిళంలో భయం లేదని చెబుతుంటే, ఫోన్లలో తెలుగులో భయం వచ్చేది. బెంగుళూరు నుంచి వచ్చే చుట్టాలు కన్నడంలో ఇంకొక భయం మోసుకొచ్చేవాళ్లు. వేయించుకుంటే రెండేళ్లలో పోతారని ఒకరు, పిల్లలు పుట్టరని ఇంకొకరు.

కానీ మా వీధిని ఆపింది అవేవీ కాదు. మా అత్త.

నర్సమ్మ మొదటిసారి వచ్చి అడిగినప్పుడు అత్త తిన్నె మీద కూర్చుని అందరి ముందరా తేల్చి చెప్పింది. "పురుగుండే ఇంట్లో వద్దమ్మా. నోట్లో పొగాకు నమిల్తేనే చేతిలో పురుగు చస్తాది. ఒంట్లోకి పోయిన మందు చెమటలో రాకుండా ఉంటాదా? గూళ్లు దించినాక చూద్దాము." వీధి వీధంతా తలూపింది. ఇందులో చిక్కేమిటంటే, గూళ్లు దించడం, అంటే పంట చేతికి రావడం, మా వీధిలో అందరికీ ఒకేసారి రాదు. ఒక ఇంట్లో గూళ్లు దించేసరికి పక్కింట్లో పురుగులు అప్పుడే పెద్దవవుతుంటాయి. సొంత పంట లేని ఆడవాళ్లు కూడా పక్కవాళ్ల కొట్టంలో చెయ్యి వేయాలి, ఎందుకంటే రేపు వాళ్లూ వచ్చి వీళ్లకు చెయ్యి వేస్తారు. కాబట్టి మా వీధిలో పురుగు లేని రోజంటూ లేదు, టీకా వేయించుకునే రోజంటూ రాలేదు.

ఎదురింటి చిన్నమామ, అంటే చిన్నత్త భర్త, గూళ్ల మూటలు టెంపోలో మార్కెట్టుకు తోలే మనిషి. నలుగురిలో తిరిగేవాడు కాబట్టి అతనికి టీకా మీద మనసుండేది. ఒకరోజు మా తిన్నె దగ్గరికి వచ్చి, "వదినా, నర్సమ్మ వచ్చిండాది. పోయి వేపిచ్చుకోని వస్తునా?" అని అడిగాడు.

"మీ ఇంట్లో పురుగు నాలుగో జ్వరంలో ఉండాది గదప్పా," అంది అత్త. పురుగు చర్మం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండిపోతుంది, దాన్ని మేము జ్వరం అంటాం. "గూళ్లు దించినాక వేపిచ్చుకుందువులే. ఊసి యాడికి పోతాది?"

ఆయన నవ్వి వెనక్కి తిరిగిపోయాడు. ఊసి ఎక్కడికీ పోలేదు, ఆయనే పోయాడు. ఆ గూళ్లు దించకముందే దగ్గు మొదలై, ఊపిరి అందక, కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోతే తిరిగి ఇంటికి రాలేదు. వీధిలో ఎవరికీ కడచూపు దక్కలేదు. ఆయన పంటకు గూళ్లు మేమందరం కలిసి దించాం.

అత్త ఆ రోజుల్లో ఏడవలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. కొన్నాళ్ల తర్వాత ఎదురింటికి పోయి చిన్నత్త పక్కన కూర్చుంది. నేను వెనకే ఉన్నాను. "మ్మే, ఈ తూరి క్యాంపు పెడితే మనమందరమూ పోదాము. నేను చెప్పింది తప్పు," అంది అత్త.

చిన్నత్త తల ఎత్తలేదు. "ఒకసారి నీ మాట విన్నాము అక్కా. ఇంక నీ మాట నాకొద్దు. ఆయన్నీ పోగొట్టుకోని పంటనూ పోగొట్టుకుంటే నేనూ నా బిడ్డలూ ఎట్ల బతికేది? ఊసి వేపిచ్చుకుంటే పురుగు చస్తాదని చెప్పింది నువ్వే గదా. చావదని ఇప్పుడు ఎట్ల చెప్తావు?"

అత్త లేచి వచ్చేసింది. ఇంటికి వచ్చాక నాతో అంది, "నా మాట చెల్లిపోయింది. ఇంక చేసి చూపించాల."

ఏం చేస్తుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మా పురుగులు నాలుగో జ్వరం లేచి కూర్చున్నాయి. ఆ దశలో పురుగు వేలంత అయి, కొమ్మకు కొమ్మ నమిలి పారేస్తుంది. ఇంట్లో అందరూ నిలబడి చేసినా చేతులు చాలవు. మందు సోకితే ఇన్నాళ్లు పెంచింది మొత్తం పోయేది కూడా అప్పుడే. సరిగ్గా ఆ వేళ నర్సమ్మ వచ్చిందని తెలిసి, అత్త ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. నేను గడపకు అడ్డం నిలబడ్డాను.

"నీకు మతిపోయిందా అత్తా? గూళ్లు దించినాక వేపిచ్చుకో. ఎవరు వద్దన్నారు?"

"గూళ్లు దించినాక వేపిచ్చుకుంటే అది నాకు మాత్రమే. ఇప్పుడు వేపిచ్చుకుంటే వీధికి," అని నన్ను పక్కకు జరిపి వెళ్లిపోయింది. నా కోపమంతా ఏమైందో తెలియదు, నేనూ వెనకే నడిచాను.

స్కూల్లో నర్సమ్మ ఆమెను చూసి నమ్మలేకపోయింది. తమిళం కలిసిన తెలుగులో, అవ్వను పిలిచినట్టు, "రా పాటీ. జ్వరము, ఒళ్లునొప్పులు వస్తాయి. రెండు నాళ్లు పని చెయ్యగూడదు," అంది.

"పని చేసేదానికే వేపిచ్చుకుంటాండానమ్మా," అంది అత్త, రవిక చెయ్యి పైకి మడుస్తూ. సూది దిగుతుంటే ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. జెర్రిని చేత్తో పట్టి విసిరేసే మనిషి, సూదిని చూడలేకపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రోజు నేనూ పక్కనే కూర్చుని వేయించుకున్నాను.

తిరిగొచ్చి అత్త వీధిలో నిలబడింది. "వేపిచ్చుకున్నాను. అందరూ చూసినారు గదా. ఇప్పుడు పురుగుల ఇంట్లోకి పోతాండాను. కిటికీ తెరిచిపెడతాను, ఎవరు కావాలంటే వాళ్లు చూడండప్పా. లోపలికి మాత్రం ఎవరూ రావద్దు," అని చెప్పి, కిటికీకి కట్టిన గోనెతెర ఎత్తి పైన దోపింది. మా ఇంట్లో ఆ తెర పంట నడుమ ఎత్తడం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయనా నేనూ కొమ్మలు కోసి గడప బయట పెట్టాం. నేను లోపలికి కాలు పెట్టబోతే అత్త కసిరింది. "నీ చెయ్యి పడితే, కోడలు వేసిన ఆకుకు బతికినాయి అంటారు. నా చెయ్యే పడాల." అంటే కొట్టం మొత్తం, కింది అర నుంచి పై అర దాకా, ప్రతి మేతా ఆమె ఒక్కతే వేయాలి. అరవై దాటిన మనిషి. నేను చాలామంది ధైర్యవంతుల్ని చూశాను, ఫ్యాక్టరీలో మేనేజరును నిలదీసిన ఆడపిల్లల్ని కూడా చూశాను. ఇలాంటిది మాత్రం మళ్లీ చూడలేదు.

మరునాడు అత్తకు జ్వరం వచ్చింది. టీకా వేసిన చెయ్యి పైకి లేవలేదు. రెండో చేత్తోనే కొమ్మలు ఈడ్చుకుంటూ పోయింది. వరస మధ్యలో కూలబడి, కాసేపు అరకు తల ఆనించి, మళ్లీ లేచేది. ఆమె చెమట ఆకు మీద పడుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. నేను చదువుకున్న చదువు ఏమీ కాదని చెబుతోంది. అయినా ఆ ఇంటి కోడలిని కదా, ఆ చెమట పురుగుల మీద పడినప్పుడల్లా నా ప్రాణం గిలగిల్లాడింది.

"చాలు అత్తా, బయటికి రా," అని బతిమాలాను.

"ఇంకొక వరస ఉండాది."

"నీకు భయం లేదా?"

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "లేకుండా ఎట్ల ఉంటాది? పురుగు పోతే మనము ఎట్లనో బతుకుతాము. కానీ ఇవి గాని పోతే, ఈ వీధిలో ఒకరంటే ఒకరు ఇంక ఊసికి పోరు. ఎవరెవరు పోతారో నాకు తెలీదు. అదమ్మా నా భయము," అంది. అప్పటిదాకా ఇది ఆమె మొండితనం అనుకున్నాను.

అత్తకు జ్వరం దిగిన రోజు పొద్దున, ఒక మూల అరలో కొన్ని పురుగులు మెత్తబడి వేలాడుతూ కనపడ్డాయి. తీసి పేడకుప్పలో వేసేద్దాం, ఎవరూ చూడలేదని గుసగుసగా చెప్పాను. అత్త నావైపు చూసిన చూపు మరిచిపోలేను. చచ్చిన పురుగులన్నిటినీ ఏరి, చేటలో పోసి, చేట తెచ్చి కిటికీలోనే పెట్టింది. "దాచిపెడితే బతికిన వాటినీ నమ్మరు," అంది.

చేట సంగతి వీధంతా పాకింది. కిటికీ ముందు జనం చేరారు. చూశారా, చూశారా అన్న మాట వినపడింది. అప్పుడు వాళ్లను తప్పించుకుంటూ ఎదురింటి చిన్నత్త వచ్చింది. భర్త పోయాక ఆమె మా వాకిట్లో కాలు పెట్టడం అదే మొదలు. చేటలోకి వంగి, ఒక్కొక్క పురుగునూ వేలితో తిప్పి చూసింది. తర్వాత లోపలి అరలవైపు చాలాసేపు చూసింది. అత్త అరల మధ్య నిలబడి ఉంది, కోర్టులో నిలబడినట్టు.

"ప్రతి పంటలోనూ ఇన్ని పోతాయి," అంది చిన్నత్త, ఎవరి మొహమూ చూడకుండా. "నా పంటలో ఇంతకన్నా ఎక్కువ పోయినాయి. అప్పుడు మా ఇంట్లో ఎవరూ ఊసి వేపిచ్చుకోలేదే."

కిటికీ ముందు జనం ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. కావాలంటే చిన్నత్త ఆ రోజు మా అత్తను ఒక్క మాటతో పాతరేయగలిగేది. ఆమెకు అంత దుఃఖమూ ఉంది, కారణమూ ఉంది. అయినా పురుగు విషయంలో అబద్ధం ఆడలేకపోయింది. అత్త ఎంత పెద్ద మనిషో, ఆ రోజు చిన్నత్త కూడా అంత పెద్ద మనిషని తెలిసింది. నేను ఆ ఇద్దరి మధ్యా నిలబడి చిన్నపిల్లనైపోయాను.

ఆ వారం తిరిగేసరికి పురుగులు పండాయి. పండిన పురుగు మేత మాని, ఒళ్లు పసుపుపచ్చగా మెరుస్తూ, గూడు కట్టడానికి చోటు వెతుక్కుంటుంది. వాటిని ఏరి, వెదురు తడికెలతో అల్లిన చంద్రికల మీద వేయాలి. ఆలస్యమైతే పట్టు వృథా. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి, వీధంతా రావడం మా ఆనవాయితీ. అత్త తలుపు తీసి, "ఇప్పుడు రండి," అంది. కాసేపు ఎవరూ కదలలేదు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. చంద్రికలన్నీ నిండాయి, నిండినవన్నీ తెల్లగా గూళ్లయ్యాయి.

గూళ్లు దించిన రోజు చిన్నత్త ఒక గూడు తీసుకుంది. బొటనవేలితో నొక్కి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గట్టి గూడైతే లోపలి పురుగు టకటకమంటుంది. ఆ గూడును మళ్లీ కుప్పలో వేసి, మామూలుగా అడిగింది, "మళ్ల క్యాంపు ఎప్పుడంట అక్కా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొట్టం వెనక్కి వెళ్లిపోయింది. చిన్నమామ పోయాక ఆమె ఏడవగా నేను విన్నది అప్పుడే.

క్యాంపు రోజు మా వీధి ఆడవాళ్లందరూ పురుగులకు మేత వేసి నేరుగా స్కూలుకు వచ్చారు. చీరలకు ఆకుపసరు మరకలు. గది బయట కొళాయి కింద నిండిన బకెట్టు, చెంబు ఉన్నాయి. వరసలో ముందున్న ఆమె గుమ్మం దగ్గర ఆగి, చెంబుతో నీళ్లు ముంచి కాళ్లు కడుక్కుంది, చేతులు కడుక్కుంది. ఎవరూ చెప్పలేదు. పురుగుల ఇంట్లోకి పోయే ముందు అలా కడుక్కోవడం వాళ్ల ఒంటికి పట్టిన అలవాటు, అంతే. నర్సమ్మ వింతగా చూసింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు అలాగే కడుక్కుని పోయారు. వరండా నుంచి కుర్చీ దాకా నేలంతా తడి పాదాలే.

చిన్నత్త వంతు వచ్చింది. ఆమె చెంబు కోసం వంగింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన అత్త ముందుకు వచ్చి, ఆ చెంబు తానే అందుకుంది. నీళ్లు ముంచి, మెల్లగా, చిన్నత్త పాదాల మీద పోసింది. ఒక పాదం మీద, తర్వాత రెండో పాదం మీద. చిన్నత్త అత్త భుజం పట్టుకుని గడప దాటి, తడి కాళ్లతో లోపలికి నడిచిపోయింది.